గవరమ్మ మట్టిపలక

ఇదిగో, కాస్త నిదానంగా వినండి. చిన్న సంగతే కానీ మనసుని పట్టుకుంటుంది.

ఒక అడవిలో అధ్యక్ష ఎన్నికలొచ్చాయి. ఎప్పుడూ ఏనుగు పెద్దాయనే నిలబడతాడు, ఆయనే గెలుస్తాడు. ఈసారి ముళ్ళపంది గవరమ్మ కూడా నిలబడతానంది. ఏ పార్టీ లేదు, వెనక ఎవరూ లేరు.

ఆవిడకి పదవి మీద మోజేం లేదండి. ఆ అడవికి ఉన్నది ఒక్కటే మడుగు. పోయిన ఎండాకాలం పెద్ద జంతువుల తోపులాటలో ఆవిడ కూతురి కాలు నలిగింది. ఆ పిల్ల ఇప్పటికీ కుంటుతూనే నడుస్తుంది. చిన్నవాళ్ళకి పడమటి గట్టున విడిగా ఒక రేవు కావాలి, అంతే. కానీ పోటీలో లేనివాళ్ళ మాట సభలో ఎవరూ వినరు కదా.

పోటీలో ఉండాలంటే పచ్చి మట్టిపలక మీద నలభైమంది చేత అడుగులు వేయించాలి. పలకలో పట్టేవీ నలభయ్యే. ఈ రూల్స్ రాసింది పెద్దాయన పనులు చూసే నక్క కామేశం. పెద్దాయన వాళ్ళెవరూ అటు పోకుండా ఇంకోటి కూడా చేర్చాడు: ఒకళ్ళు రెండు పలకల మీద అడుగు వేస్తే ఆ రెండు అడుగులూ కొట్టేస్తారు.

గవరమ్మని చూస్తే అందరూ ముళ్ళకి భయపడి దూరం జరుగుతారు. పాపం, ముళ్ళన్నీ వెనక్కి అణుచుకుని, ఊపిరి బిగబట్టి, ఉడతనీ తొండనీ పేరుపేరునా బతిమాలింది. "రామ్మా, గుచ్చుకోవులే." అలా ఆఖరి రోజుకి ఇరవై ఏడు పడ్డాయి. మిగతావాళ్ళు పైవాగు నుంచి బయల్దేరామని కబురు పెట్టారు.

ఆ కబురు కామేశం చెవిన పడింది. అప్పటికే పెద్దాయనకి అడుగులు వేసేసిన పదమూడు కుందేళ్ళని పిలిచాడు. ఆవిడకీ తలా ఒక అడుగు వేసి రండర్రా, పుణ్యం వస్తుందని తియ్యగా చెప్పి పంపాడు. అవి అమాయకంగా వెళ్ళి వేశాయి. పలక నిండిపోయింది. గవరమ్మ సంతోషం పట్టలేక కూతుర్ని పిలిచి చూపించుకుంది.

పొద్దుగూకే వేళకి పైవాగు తాబేలవ్వ వచ్చింది, మూడు రోజులు నడిచి. వెనకాల ఇంకో పన్నెండుమంది. అవ్వ పలక చుట్టూ తిరిగి చూసింది.

"నా అడుగుకి చోటు లేదటే అమ్మాయ్?"

గవరమ్మ నీళ్ళు తెచ్చింది. అవ్వ కాళ్ళు కడిగి కూర్చోబెట్టింది.

తెల్లారాక ఎన్నికల అధికారి దున్నపోతు రెండు పలకలూ ముందు పెట్టుకున్నాడు. మహా ఓపికగలవాడు, ఒక్కో అడుగూ ఎవరిదో వాసన చూసి పట్టేస్తాడు. గవరమ్మ పలకలో కుందేళ్ళవి పదమూడూ కొట్టేశాడు. ఇరవై ఏడు మిగిలాయి. కామేశం మూతి తుడుచుకుంటూ నవ్వాడు.

"అయ్యో గవరమ్మక్కా, వచ్చేసారి చూద్దాంలే."

దున్న రెండో పలక ముందుకి లాక్కున్నాడు. అక్కడా పదమూడు కొట్టేశాడు.

"అది పెద్దాయన పలక, అక్కడెందుకు బావా కొడతావు?" అన్నాడు కామేశం.

"నువ్వు రాసిందేగా. రెండు చోట్ల వేస్తే రెండూ పోతాయని. పెద్దాయనకీ ఇరవై ఏడే. ఇద్దరూ పోటీలో లేరు."

 కామేశం పెద్దాయనకి ఒక్క రోజు గడువు పెంచమని గొణిగాడు. పెంచితే ఇద్దరికీ పెంచాలన్నాడు దున్న.

ఏనుగు పెద్దాయన ఆ పక్కనే నిలబడి ఉన్నాడు. కుంటుకుంటూ అమ్మ పక్కకి వచ్చిన ఆ పిల్లనే చూస్తున్నాడు.

"ఇద్దరికీ పెంచు," అన్నాడు. "గవరమ్మా, ఈ కాలు సంగతి నాకెవరూ చెప్పలేదమ్మా. సభలో నువ్వే చెప్పు, నేను కూర్చుని వింటాను. కామేశం, ఇద్దరి పలకలకీ మట్టి నువ్వే తొక్కు."

మధ్యాహ్నం దాకా కామేశం మోకాలు లోతు బురదలో మట్టి తొక్కాడు. కుందేళ్ళు గట్టు మీద కూర్చుని చూశాయి. గవరమ్మ కొత్త పలక తీసుకుని అవ్వ దగ్గరికి నడిచింది, ముళ్ళు అణుచుకోవడం కూడా మర్చిపోయి. అవ్వేం వెనక్కి జరగలేదు. మొదటి అడుగు అవ్వదే.

పక్కవాడు నిలబడకూడదని రాసిన రూలు, రాసినవాణ్ణి కూడా నిలబడనివ్వదండి.