గీతకు అవతలి పక్క

అనగనగా ఒక అడవిలో వారం రోజులు ఆగకుండా వాన కొట్టింది, పిల్లలూ. వాగు పొంగింది. గట్టున ఉన్న కౌజుపిట్ట గూడు కొట్టుకుపోయింది. పాపం, పిల్లల్ని ఎలాగో కాపాడుకుంది గానీ, వాటికి పెట్టడానికి ఒక్క గింజ మిగల్లేదు. రెండు రోజులుగా అవి ఆకలితో ఏడుస్తున్నాయి.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. వరద తీశాక ఏనుగు తాత తొండంతో బురదలో పొడుగ్గా ఒక గీత గీస్తాడు. ఉన్నవాళ్ళు కుడిపక్క, లేనివాళ్ళు ఎడమపక్క నిలబడాలి. ఉన్నవాళ్ళు లేనివాళ్ళకు తిండి పెట్టాలి.

ఆ రోజూ తాత గీత గీశాడు. చూస్తే ఏముంది! అందరూ ఎడమపక్కే! కుడిపక్క ఒక్క కప్ప ఉంది. అదీ దారి తప్పి వచ్చిందట.

"ఏరా ఎలుగూ, నువ్వూ లేనివాడివేనా?" అన్నాడు తాత.

"నాలుగు తేనెపట్లు కూడా ఒక ఆస్తేనా తాతా? తేనెటీగలకు ఎన్ని ఉన్నాయో చూడు!" అంది ఎలుగుబంటి.

"నా కలుగులో రెండు నెలల వడ్లే ఉన్నాయి. ఎలుగన్న ముందు నేనెంత?" అంది పందికొక్కు.

"నా తొర్రలో నాలుగు రోజులకే జొన్నలున్నాయి. పందికొక్కు మామ ముందు నేను బిచ్చగత్తెనే!" అంది ఉడుత.

పక్కనే ఉన్న కౌజుపిట్ట కళ్ళు పెద్దవి చేసింది.

"నాలుగు రోజులకా! ఉడుతక్కా, మీ ఇంట్లో రేపటికి కూడా తిండి ఉందా?"

అందులో ఎగతాళి లేదు. నిజంగానే ఆశ్చర్యపోయింది. ఉడుత పందికొక్కు వైపు చూసింది. అటు చూస్తే తను పేదదే. ఇటు తిరిగి, నోళ్ళు తెరుచుకున్న పిట్టపిల్లల్ని చూసింది. దానికి చాలా సిగ్గేసింది. ఒక్క గెంతులో గీత దాటేసింది.

"తాతా, నేను ఉన్నదాన్నే! సగం జొన్నలు ఇప్పుడే తెస్తా!"

పందికొక్కు గొంతు సవరించుకుంది. "నాలుగు రోజుల తిండి ఉన్నదే అటు వెళ్ళాక, రెండు నెలలది పెట్టుకుని నేనిక్కడ ఏం నిలబడను!" అంటూ గీత దాటింది. ఎలుగుబంటి బుర్ర గోక్కుంటూ దాని వెనకే వెళ్ళింది. కాసేపటికి ఎడమపక్క కౌజుపిట్ట, దాని పిల్లలే మిగిలారు.

జొన్నలు వచ్చాయి, వడ్లు వచ్చాయి, తేనె కూడా వచ్చింది. పిల్లలు పొట్టలు ఉబ్బేలా తిన్నారు. అందరికంటే చిన్నవాడి ముందు ఒక జొన్నగింజ మిగిలిపోయింది.

అంతలో తడిసి ముద్దయిన చీమ ఒకటి వచ్చి ఎడమపక్క నిలబడింది. చిన్నవాడు చీమను చూశాడు. గింజను ముక్కున కరుచుకుని తప్పటడుగులతో గీత దాటాడు. గింజను గీత మీదుగా చీమ ముందుకు నెట్టి, రొమ్ము విరుచుకుని అరిచాడు.

"అమ్మా! నేనూ ఉన్నవాణ్ణే!"

నీతి: మనకంటే ఎక్కువ ఉన్నవాళ్ళను చూస్తే మనం ఎప్పుడూ పేదవాళ్ళమే, పక్కవాళ్ళ ఆకలి చూస్తేనే మన దగ్గర ఎంత ఉందో తెలుస్తుంది.