అదురు రెండుగా ఎందుకొస్తుంది?

ఒకప్పుడు నేలకింది అదురు ఒంటరిది. ఎక్కడ బయల్దేరినా ఒక్కటిగా పోయేది, ఒక్కటిగానే పైకొచ్చి "దడ్!" మనేది. దానికి తోడూ లేదు, నీడా లేదు.

ఆ రోజుల్లో రెండు కొండల నడుమ లోయలో నాంచారమ్మ, వాళ్ళక్క అంకమ్మ కుండలు చేసుకుని బతికేవారు. కుండలు కాల్చే ఆవం ఇద్దరికీ ఒక్కటే. తూర్పు మూతి దగ్గర అక్క, పడమటి మూతి దగ్గర చెల్లెలు కూర్చుని, కబుర్లు చెప్పుకుంటూ పుల్లలు ఎగదోసేవారు.

ఒకరోజు పొద్దున్నే నాంచారమ్మ వచ్చి చూస్తే ఏముంది! ఆవం నిలువునా రెండుగా చీలిపోయి ఉంది. మధ్యలో అడుగు కనబడని గొయ్యి. ఇటు తను, అటు అక్క!

"వామ్మో వామ్మో! అక్కా, ఉన్నావా?"

"ఉన్నానే! నేనటు వచ్చే దారి చూడవే. ఇక్కడ ఒక్కదాన్నే ఎట్లా ఉండేది?"

నాంచారమ్మ తాటిదూలం ఒకటి లాక్కొచ్చి గోతికి అడ్డంగా వేసింది. వేసింది సరే, నేల నిలబడిందా, ఇంకా కదులుతోందా? అది తెలియకుండా అక్కను ఎలా దాటమంటుంది?

నేలకు నోరు ఆనించి పిలిచింది. "ఓ అదురూ! ఈ గోతి కిందుగా ఒక్కసారి వచ్చిపోవే, నీకు పుణ్యముంటుంది!"

"ఓస్, అంతేనా! ఊగుతూ వచ్చేస్తా" అంది అదురు.

కుమ్మరివాళ్ళు కుండను వేలితో కొట్టి చూస్తారు కదా? ఒకటే మోతైతే గట్టి కుండ. రెండు మోతలైతే లోపల పగులున్నట్టు. నాంచారమ్మ నేలమీద కుండ బోర్లించి చెవి పెట్టింది.

"దడ్!"

"ఒకటే మోత! నేల గట్టిదే అక్కా, దాటెయ్!" అంటూ లేచి గంతేసింది.

అంకమ్మ దూలం మీద కాలు పెట్టింది.

"దడ్!"

నాంచారమ్మ కేకేసింది. "ఇదెక్కడి మోత! అక్కా, వద్దు! కాలు తియ్యి!"

అంకమ్మ వెనక్కి దూకింది. మరుక్షణమే దూలం జారి గోతిలో పడిపోయింది. పడిన చప్పుడు కూడా రాలేదు.

అంతలో కుండలోంచి అదురు ఏడుపు. అదీ రెండు గొంతులతో!

"నేనొక్కదాన్నే బయల్దేరానమ్మా! కింద ఉడుకురాయి బెల్లప్పాకంలా మెల్లగా పారుతోంది, ఈ లోయ వెంబడే. అందులోని రాతి పలుకులన్నీ దువ్విన జుట్టులా అది పారే వైపుకే పడుకున్నాయి."

"ఆ వైపుగా ఊగిన నేను సులువుగా ముందొచ్చేశా" అంది ఒక గొంతు.

"అడ్డంగా ఊగిన నేను వెనకబడిపోయా" అంది రెండోది. "తీరా చూసుకుంటే ఇద్దరమయ్యాం!"

"మరి ఆ రాయి ఆగదా?" అని అడిగింది నాంచారమ్మ.

"మీ తాతమ్మ పుట్టకముందు నుంచీ పారుతోందట. ఎందుకాగుతుంది?"

నాంచారమ్మ బావురుమంది. "మొదటి మోతకే లేచిపోయానే! మా అక్కను నా చేతులారా చంపుకునేదాన్నే!"

అంకమ్మ లోయ కొస దాకా నడిచి, చుట్టూ తిరిగి, నాలుగో రోజుకు చెల్లెల్ని చేరుకుంది. ఇద్దరూ గోతికి దూరంగా కొత్త ఆవం కట్టుకున్నారు.

అప్పటినుంచే, పారే రాయిలోంచి వచ్చే అదురు రెండుగా పైకొస్తుంది, రాయి పారే వైపు ఊగేది ముందు, అడ్డంగా ఊగేది వెనక. కింద రాయి ఎటు పారుతోందో కనిపెట్టేవాళ్ళు ఇప్పటికీ మొదటి మోతకు లేవరు. రెండోది వచ్చేదాకా నేలమీంచి చెవి తియ్యరు.