ఏడున్నర ముంజలు

అనగనగా సముద్రపు గాలి తగిలేంత దూరంలో, ఇసక దిబ్బ మీద ఒక పేట ఉండేదమ్మా. ఎంత చిన్నదంటే ఆరే ఆరు ఇళ్ళు. ఆ ఇళ్ళ వెనకాల బోలెడన్ని తాటిచెట్లు. ఆ చెట్లు ఏ ఒక్కరివీ కావు, అందరివీ.

ఎండాకాలం వచ్చిందంటే ఎర్రయ్య చెట్టెక్కి గెలలు దించేవాడు. తాటికాయ చూశావుగా, నల్లగా నీ తలకాయంత ఉంటుంది. పైన చెక్కితే లోపల మూడు గుంటలు. గుంటకో ముంజ. చల్లగా, మెత్తగా, లోపల కాసిని నీళ్ళతో. ఆ ముంజల్ని ఆరిళ్ళకీ సమంగా పంచాలి. పంచే పని గవరమ్మది.

గవరమ్మ ముసలామె. తల ముగ్గుబుట్ట, కోపం ముక్కు మీద. కాపరానికి వచ్చిన నాటి నుంచీ పంపకం చేట ఆమె చేతిలోనే ఉంది. ఆ పేటలో ఒక కట్టుబాటు ఉండేది. పంచే చెయ్యి చివర తీసుకోవాలి. అందరికీ పెట్టాక మిగిలిందే తన వాటా. తగ్గితే తనకే తగ్గాలి.

ఆ ఏడు మొదటి కోతకి పన్నెండు కాయలు దిగాయి. ఇంటికి ఆరు ముంజలని తేల్చారు. గవరమ్మ ముంజలన్నీ చేటలోకి తీసి, ఇంటికో తాటాకు పరిచి, ఒక్కోటే లెక్కపెట్టి పెడుతోంది. లెక్క మొదలెట్టేటప్పుడు వాళ్ళు ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు, అలాగన్నమాట.

అప్పుడు ఎర్రయ్య ఆకు దగ్గర లాభం అని నోటితో అంది. చెయ్యి ఇంకా చేటలోనే ఉంది. ఇంతలో ఎవరో, గవరమ్మా నీ పొయ్యి మీద ఏదో మాడుతోందని కేకేశారు. అటు తిరిగింది. మళ్ళీ ఇటు తిరిగేసరికి, లాభం అన్నాను కదా, పెట్టేసే ఉంటాననుకుంది. రెండు అంటూ సాగించింది. ఇంకేముంది, ఎర్రయ్యకి ఐదే పడ్డాయి. చివరికి తన ఆకు మీద ఏడు తేలాయి.

అది చూసింది తోటికోడలు సింహాచలం. ఆమెకి ఎన్నాళ్ళ నుంచో ఆ చేట మీద కన్ను.

"మరిచిపోయావంటే నమ్ముతానక్కా," అంది నెమ్మదిగా. "నీ మరుపు వచ్చి వచ్చి నీ ఆకు మీదే ఎందుకు పడిందో అది చెప్పు."

అందరూ పక్కున నవ్వారు. గవరమ్మకి కోపం నషాళానికి అంటింది. ఎక్కువైన ముంజ తీసి ఎర్రయ్య ఆకు మీద పడేసింది. పోనీలే అత్తా, వయసైపోయింది, ఇక కూర్చుని తినమన్నాడు ఎర్రయ్య. ఆ జాలి మాట ఆ నవ్వు కంటే ఎక్కువ మండించింది. ఆ తర్వాత చేట సింహాచలం చేతికి పోయింది.

గవరమ్మ ఇంటికొచ్చి తలుపు ధడాలున వేసింది. గిన్నెలు అటు పడేసింది, చెంబు ఇటు పడేసింది. దొంగనా నేను, దొంగనా అని గోడల్ని అడిగింది. కానీ లోపల్లోపల ఇంకో గుబులు. మొన్న పులుసులో ఉప్పు రెండుసార్లు వేసింది. నిన్న పక్కింటి పిల్ల పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఇవాళ లాభం దగ్గర తప్పింది. చేట పోతే పోయింది, దొంగన్న పేరు ఎలా పోతుంది?

అప్పుడు పెరట్లోకి వెళ్ళింది. ముంజలు తీసేశాక గేదెకి వెయ్యడానికి తెచ్చిన ఖాళీ తాటిబుర్రలు అక్కడ కుప్పగా ఉన్నాయి. ఆ కుప్పని ఒక్క తన్ను తన్నింది. బుర్రలు పెరడంతా దొర్లాయి. కాలి బొటనవేలు మాత్రం వాచింది. వేలి మీద కూడా కోపమే వచ్చింది.

తిట్టుకుంటూ తిట్టుకుంటూ బుర్రలన్నీ ఏరింది. ఊరికే పడెయ్యకుండా గోడ వారగా జతలు జతలుగా పేర్చింది. ఇది నా ఇల్లు, ఇది ఆ సింహాచలం ఇల్లు, ఇది ఎర్రయ్య ఇల్లు అనుకుంటూ ఆరు జతలు పెట్టింది. పెట్టి చూస్తే ఒక్కటీ మిగల్లేదు. జతకి రెండు బుర్రలు, బుర్రకి మూడు గుంటలు. మూడూ మూడూ ఆరు. ఈ జతకీ ఆరే, ఆ జతకీ ఆరే.

గవరమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయింది. లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చింది. వచ్చేసరికి ఎన్ని పెట్టిందో గుర్తులేదు. అప్పుడు గోడ వైపు చూసింది. జతలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మళ్ళీ చూసుకుంది, మళ్ళీ ఆరే వచ్చింది.

ఆ తర్వాత రెండో కోత వచ్చింది. ఈసారి పదహారు కాయలు దిగాయి. సింహాచలం కొంగు దోపుకుని, ఇంటికి రెండేసి కాయలు చకచకా పెట్టేసింది. ఆరిళ్ళకీ పన్నెండు పోయాయి. నాలుగు కాయలు మిగిలాయి.

ఆరిళ్ళకి నాలుగు కాయలు ఎలా వస్తాయంది సింహాచలం. ఒకరికి పెట్టి ఒకరికి మానితే గొడవ, అందుకని ఇవి పంచిన చేతికి ఉండనీ అని నాలుగూ తన వైపు దొర్లించుకుంది. జనం గొణిగారు గానీ ఎవరికీ దారి తోచలేదు.

గవరమ్మ అరుగు దిగి వచ్చింది. ముక్కుపుటాలు అదురుతున్నాయి. కాలు ఇంకా కుంటుతోంది.

"కాయలు పంచమని ఎవరన్నారే నీకు? పంచాల్సింది ముంజల్ని. కత్తి ఇటు తే."

"మళ్ళీ మధ్యలో మరిచిపోతావక్కా."

"మరిచిపోతాను. అందుకే నోటితో లెక్కపెట్టను."

నాలుగు కాయలూ చెక్కింది. ముంజలు చేటలోకి తీసి, ఖాళీ బుర్రలు వరసగా తన ముందు పెట్టుకుంది. నాలుగు బుర్రలకి మూడేసి చొప్పున పన్నెండు ముంజలు. పన్నెండు ఆరిళ్ళకి పంచితే ఇంటికి రెండు. ఎవరి ఆకు మీద చూసినా జత ఉండాలి, అంతే, అని అందరికీ వినపడేలా చెప్పింది.

ఒక ఆకు మీద జత పెట్టింది. ఇంకో ఆకు మీద జత పెట్టింది. ఇంకో ఆకు దగ్గరికి వెళ్తుంటే సింహాచలం కావాలనే అడ్డొచ్చి, ఇప్పటికి ఎన్ని పెట్టావక్కా అని అడిగింది.

నిజంగానే గవరమ్మకి గుర్తులేదు. అందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. ఆమె బెదరలేదు. ఆకుల్ని అడుగు అని చేత్తో చూపించి, జత లేని ఆకు మీద జత పెట్టుకుంటూ పోయింది.

చివరికి తన ఆకు దగ్గరికొచ్చింది. చేటలో చూస్తే ఒక్క ముంజే ఉంది.

"చూశారా," అంది సింహాచలం. "ఒకటి మాయం. ఈసారి ఏ మరుపు మింగిందో."

గవరమ్మ అరవలేదు. వంగి ఒక బుర్ర ఎత్తి చూపించింది, మూడు గుంటలు. రెండోది ఎత్తింది, మూడు. మూడోది ఎత్తింది, మూడు. నాలుగోది ఎత్తి సింహాచలం ముక్కు దగ్గర పెట్టింది. దానికి రెండే గుంటలు. అలాంటి కాయ ఎప్పుడో గానీ తగలదు, ఆ రోజు తగిలింది.

"మూడు మూళ్ళు తొమ్మిది, ఇంకో రెండు పదకొండు. ఐదిళ్ళకి రెండేసి పెడితే పది. ఇక మిగిలింది ఒకటి. అది పంచిన చేతిది. ఇప్పుడు చెప్పవే, నా మరుపు ఎవరి ఆకు మీద పడింది?"

ఒక్కరూ నవ్వలేదు. ఎర్రయ్య తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. అందరికీ రెండు కాయల తాలూకు ఆరు, పైన రెండు, మొత్తం ఎనిమిది ముంజలు. గవరమ్మకి ఏడు. ఆ ఏడూ చెంగులో మూటగట్టుకుని, చేట చంకన పెట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా ఇంటికి పోయింది. ఆ చేట అడిగే దమ్ము మళ్ళీ ఎవరికీ రాలేదు.

సాయంత్రం సింహాచలం వచ్చింది. చేతిలో ఒక ముంజ ఉంది. గవరమ్మ ముందు పెట్టింది.

తీసుకుపో, అంది గవరమ్మ. ఇది నేను తీసుకుంటే నాకు ఎనిమిది, నీకు ఏడు. మళ్ళీ ఎక్కువ తిన్నానని అంటావు. అలా అంటూనే కత్తి అందుకుంది. ముంజని సరిగ్గా సగానికి కోసింది. ఒక సగం సింహాచలం చేతిలో పెట్టింది, ఒక సగం తను తీసుకుంది.

"నీకు ఏడున్నర, నాకు ఏడున్నర. ఇక పో."

సింహాచలం పోలేదు. గుమ్మంలోనే కూర్చుని తన సగం తింది. గవరమ్మ అటు తిరిగి తన సగం తింది. కోపం తగ్గిందా అంటావా? తగ్గలేదమ్మా. కానీ ముంజ మాత్రం భలే తియ్యగా ఉందట.

ఒక్క కాయకు మూడు ముంజలు,
రెండు కాయలకు ఆరు ముంజలు,
ఆరిళ్ళ వాళ్ళు ఆరగించారు,
ఆవులింతలు మనకు పంచారు.
నీకో సగం, నాకో సగం,
కథేమో కంచి దారి పట్టింది,
కన్నేమో నిద్ర దారి పట్టింది.