పంపిందెవరు

తను రాసిన రిపోర్టు మీద వలీ గారు సంతకం పెట్టడం లేదని నీలాద్రికి పొద్దుటి నుంచీ ఉక్రోషంగా ఉంది. ఫోరెన్సిక్ ల్యాబులో ఫోన్లు పరీక్షించే పని అతను ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. ఈమధ్య చేయి తిరిగింది, దాంతోపాటు గొంతూ కాస్త పెరిగింది.

కేసు చిన్నదే. పైడిరాజు అనే క్యాంటీన్ వంటమనిషి, తన యజమానిని చంపుతానని మెసేజ్ పెట్టాడని అభియోగం. నేను పెట్టలేదు మొర్రో అంటాడు అతను. రుజువైతే జైలే. మర్నాడు రిపోర్టు కోర్టుకు చేరాలి.

"మెసేజ్ అతని ఫోన్‌లోనే ఉంది సార్. టైము సరిపోయింది. ఫోన్ మన చేతికొచ్చాక అందులో అక్షరం ముక్క మారలేదు. ఇంకేం కావాలి?"

వలీ గారు తలెత్తలేదు. రిపోర్టులో చివరి వాక్యం మీద వేలుంచారు. 'ఈ మెసేజ్ పైడిరాజు పంపాడు.'

"ఆ ఫోన్ ఎక్కడుండేదట?"

"క్యాంటీన్ గల్లాపెట్టె పక్కన. లాకు కూడా లేదు. అయితే ఏంటి సార్, ఫోన్ అతనిదే కదా."

"నీ ఫోన్ ఓసారి ఇవ్వు."

నీలాద్రి లాకు తీసి ఇచ్చాడు. ఆయన ఏదో నొక్కి, ఫోన్ బల్ల మీద పెట్టి, మళ్లీ రిపోర్టులో పడ్డారు.

కాసేపటికి ఫోన్ మోగింది. నీలాద్రి అక్క. తల్లి పోయాక అతన్ని చంకనేసుకుని పెంచింది ఆవిడే. ఒకసారి ల్యాబుకు వచ్చి వలీ గారికీ ఓ జాడీ ఆవకాయ ఇచ్చి వెళ్లింది. ఆమెతో మాట్లాడి ఎన్నాళ్లయిందో నీలాద్రికి గుర్తు లేదు.

"తిన్నావా అక్కా అని పెట్టావు కదరా," అంది ఆమె. "తిన్నాన్రా. ఇన్నాళ్లూ నామీద కోపమేమో అనుకున్నాను. నువ్వు తిన్నావా?"

నీలాద్రి వలీ గారి వైపు చూశాడు. మళ్లీ చేస్తానని చెప్పి పెట్టేశాడు. కోపమొచ్చిందో ఏడుపొచ్చిందో అతనికే తెలియలేదు.

"ఫోన్ నీదే," అన్నారు వలీ గారు మెల్లగా. "టైము సరిపోయింది. అక్షరం ముక్క మారలేదు."

నీలాద్రి రిపోర్టు అందుకున్నాడు. కూర్చుని ఆ చివరి వాక్యం తీసేశాడు. 'ఈ మెసేజ్ ఈ ఫోన్ నుంచి వెళ్లింది. పంపిందెవరో ఈ పరీక్షలో తేలదు' అని రాశాడు. వలీ గారు చదివి సంతకం పెట్టారు.

నీలాద్రి వరండాలోకి వచ్చి అక్కకు ఫోన్ చేశాడు.

"అక్కా, ఇందాక మెసేజ్ పెట్టింది నేను కాదు. మా సారు."

అతను ఫోన్ చెవికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకున్నాడు.

"ఇప్పుడు నేను అడుగుతున్నాను. తిన్నావా?"