తెల్లధార దారి

మోదుగుల అడవిలో దుప్పులు, కుందేళ్లు, ఎలుగుబంట్లు, ముళ్లపందులు, కొండముచ్చులు కలిసిమెలిసి ఉండేవి. అడవి నడుమ ఒక రాతిగుహలో వాటి పిల్లలకు బడి ఉండేది. సూదమ్మ అనే ముసలి ముళ్లపంది ఆ బడికి పంతులమ్మ.

సూదమ్మ చదువు బాగా చెప్పేది. ఏ ఆకు తినాలో, ఏ కాయ ముట్టకూడదో, పులి అడుగు ఎలా ఉంటుందో ఇసుక మీద గీసి చూపేది. కానీ పిల్లల్ని గుహ దాటించేది కాదు. ఆమె కాళ్లు పొట్టివి. చూపు కూడా మందగించింది. ఇదివరకు పిల్లల్ని అడవిలో తిప్పే మాస్టారు ఒక మనుబోతు. ఆయన రెండేళ్ల కిందట ముసలితనంతో చనిపోయాడు. తర్వాత ఆ పనికి ఎవరూ రాలేదు.

గుహ వెనక గోడలో చిన్న సందు ఉండేది. గాలి అటు నుంచి వీచినప్పుడు దూరంగా ఒక హోరు వినిపించేది. అది తెల్లధార జలపాతం హోరు.

ఒక రోజు పాఠం మధ్యలో చుక్కి అనే దుప్పిపిల్ల అడిగింది.

"పంతులమ్మా, తెల్లధార ఎలా ఉంటుంది?"

"కొండ మీంచి నీళ్లు పడతాయమ్మా. పాలు ఒలికినట్టు తెల్లగా ఉంటాయట."

"మీరు చూడలేదా?"

సూదమ్మ ఇసుక మీద గీస్తున్న పుల్లను ఆపింది.

"లేదు తల్లీ. మా అమ్మ తీసుకెళ్తానంది. ఆమెకు వీలు పడలేదు. తర్వాత నాకూ వీలు పడలేదు."

ఆ రోజు పాఠం ఇక ముందుకు సాగలేదు. పిల్లలంతా సందు వైపు చెవులు పెట్టి కూర్చున్నారు. సూదమ్మ కూడా పుల్ల కింద పెట్టి వాళ్ల పక్కనే కూర్చుంది.

మర్నాడు ఆమె తల్లిదండ్రుల్ని పిలిపించింది.

"అడవిలో పుట్టిన పిల్లలు అడవిని ఇసుక మీద చూస్తున్నారు. ఇది నాకు నచ్చడం లేదు. అడవి తిప్పే మాస్టారిని పెట్టుకుందాం" అంది.

అందరూ సరేనన్నారు. గువ్వలు ఆ కబురు అడవంతా చాటాయి. వారం తిరిగేసరికి ఇద్దరు వచ్చారు.

మొదట వచ్చినవాడు చెంగన్న అనే కొండముచ్చు. వస్తూనే గుహ ముందున్న మద్దిచెట్టు కొసకు ఎగబాకి, అక్కడి నుంచి ఒక్క దూకులో కిందికి వచ్చి నిలబడ్డాడు. పిల్లలు కేరింతలు కొట్టారు.

రెండోవాడు పెంకయ్య అనే అలుగు. ఒంటి నిండా పెంకులు, నేల చూపులు, నిదానమైన నడక. ఆయన వచ్చిన సంగతి ఎవరూ గమనించలేదు.

పెద్దల తరఫున బొంతయ్య అనే ఎలుగుబంటి అడిగాడు. "పిల్లల్ని తెల్లధారకు ఎప్పుడు తీసుకెళ్తారు?"

"రేపే!" అన్నాడు చెంగన్న. "పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి అక్కడుంటాం. నేను ఏ దారిలోనూ వెనక్కి తిరిగినవాణ్ని కాను."

పెంకయ్య గోళ్లతో నేల గీకుతూ కాస్త ఆలోచించాడు.

"మొదటి నెల వాగు దాకానే తీసుకెళ్తాను. పిల్లలకు కాళ్లు కుదరాలి, నాకు పిల్లలు తెలియాలి. తెల్లధార మాట ఇప్పుడే చెప్పలేను. నేను తొమ్మిదిసార్లు బయల్దేరాను. నాలుగుసార్లు సగం దారిలోంచి తిరిగొచ్చాను."

చెంగన్న పగలబడి నవ్వాడు. "సగం దారి మాస్టారు!"

పెద్దల్లో కొందరు చెంగన్న అన్నారు. కొందరు పెంకయ్య అన్నారు. చివరికి నిర్ణయం సూదమ్మకే వదిలేశారు.

పెంకయ్య మాటల్లో నిజం ఉందని సూదమ్మకు తెలుసు. కానీ 'రేపే' అన్న మాట ఆమె చెవుల్లో గింగురుమంటూనే ఉంది. ఎన్నో ఏళ్లుగా ఆమె ఆ మాట కోసమే ఎదురుచూసింది.

"చెంగన్నే మాస్టారు" అంది. పెంకయ్య వంక చూడలేకపోయింది.

పెంకయ్య వెనుదిరిగాడు. వచ్చినంత నిదానంగా వెళ్లిపోయాడు.

మర్నాడు తెల్లవారగానే ఎనిమిది మంది పిల్లలు బయల్దేరారు. సూదమ్మ కూడా గుహ బయటికి వచ్చి నిలబడింది.

"నేనూ రానా నాయనా?"

"మీ నడకతో తెల్లధార చేరేసరికి వానాకాలం పోయి ఎండాకాలం వస్తుంది పంతులమ్మా!" అన్నాడు చెంగన్న.

పిల్లలు కనుమరుగయ్యేదాకా సూదమ్మ అక్కడే నిలబడింది. తర్వాత లోపలికి వెళ్లి సందు పక్కన కూర్చుంది.

వాగు ఒడ్డునే పెంకయ్య బొరియ. పిల్లల సందడి విని ఆయన బయటికి వచ్చాడు.

"చెంగన్నా, ఇవాళ వాగులో దిగకు. చీమలు గుడ్లు మోసుకుని ఒడ్డు ఎక్కుతున్నాయి. అవి నా తిండి. వాటి నడక నాకు తెలుసు. పైన కొండల్లో వాన పడుతున్నట్టుంది."

చెంగన్న ఆకాశం చూశాడు. ఎక్కడా మబ్బు లేదు.

"చీమలు చెబితే నేను ఆగాలా? గట్టు చుట్టూ తిరిగితే సాయంత్రమవుతుంది. వాగులోంచి నడిస్తే అడ్డదారి. పదండి పిల్లలూ!"

పిల్లలకు తెల్లధార తప్ప ఇంకేమీ వినిపించడం లేదు. వాళ్లు ఎగురుకుంటూ వాగులోకి దిగారు. పెంకయ్య గొణుక్కుంటూ గట్టు మీదే వాళ్ల వెనక నడిచాడు.

కొంత దూరం పోయాక వాగు ఇరుకైంది. రెండు వైపులా మట్టిగట్లు గోడల్లా లేచాయి. హోరు దగ్గరైంది.

"వచ్చేశాం! వినపడుతోంది!" అని అరిచింది చుక్కి.

అది తెల్లధార హోరు కాదు. ముందు నీళ్లు ఎర్రబడ్డాయి. తర్వాత పుల్లలు, ఆకులు కొట్టుకొచ్చాయి. ఆ వెంటనే వరద విరుచుకుపడింది.

పిల్లలు ఒకరినొకరు నెట్టుకుంటూ గట్టు కింద ఒక రాతి అరుగు మీదికి ఎక్కారు. వెనక నిటారు మట్టి. ముందు సుడులు తిరిగే నీళ్లు.

"భయపడకండి! నేను పైకి దూకి తీగ వేస్తాను" అన్నాడు చెంగన్న. గట్టు మీంచి వంగిన కొమ్మను అందుకున్నాడు. పుచ్చిన కొమ్మ విరిగింది. చెంగన్న రాయి మీద పడ్డాడు. ఆయన కుడిచెయ్యి విరిగింది.

నీళ్లు చుక్కి గిట్టల్ని తాకాయి. కుందేలు కూనలు అమ్మా అమ్మా అని ఏడుస్తున్నాయి. చెంగన్న మొదటిసారి తల వంచుకున్నాడు.

అప్పుడు వాళ్ల వెనక గట్టులోంచి మట్టి రాలింది. ఇంకొంచెం రాలింది. మట్టి చీల్చుకుని రెండు పెద్ద గోళ్లు బయటికి వచ్చాయి. వాటి వెనక పెంకయ్య ముక్కు.

"పైనుంచి ఏటవాలుగా దారి తవ్వాను. చిన్నవాళ్లు ముందు. తోసుకోవద్దు."

కూనలు ఒక్కొక్కటే బొరియలోకి దూరాయి. చుక్కి మోకాళ్ల మీద పాకింది. చివరికి చెంగన్న మిగిలాడు.

"నేను పట్టను మాస్టారూ. మీరు వెళ్లండి" అన్నాడు.

"ఆగు. ఇంకాస్త వెడల్పు చేస్తాను" అన్నాడు పెంకయ్య. నీళ్లు చెంగన్న నడుము దాకా వచ్చేవరకు తవ్వుతూనే ఉన్నాడు. అంత ఎత్తు చెట్ల మీంచి దూకే చెంగన్న మట్టిలో పొట్ట మీద పాక్కుంటూ బయటపడ్డాడు.

సాయంత్రానికి పిల్లలు గుహ చేరారు. తల్లులు వాళ్లను నాకుతూ ఏడ్చారు. బొంతయ్య కోపంతో ఊగిపోయాడు.

"ఇక ఒక్క పిల్ల కూడా గుహ దాటడానికి వీల్లేదు!"

"తప్పు చెంగన్న ఒక్కడిదే కాదు" అంది సూదమ్మ. "పెంకయ్య ఉన్నమాట చెప్పాడు. నాకు కావలసిన మాట చెంగన్న చెప్పాడు. నేను నాకు కావలసిందే విన్నాను."

అంతలో గాలి మళ్లింది. సందులోంచి హోరు వినిపించింది. అంత భయపడి వచ్చిన చుక్కి చెవులు మళ్లీ అటే తిరిగాయి. ఆమె తల్లి అది చూసింది.

"దీన్ని ఎన్నాళ్లు ఆపగలను?" అంది ఆ తల్లి. "మనం తీసుకెళ్లకపోతే ఒంటరిగా పోతుంది. పెంకయ్య మాస్టారూ, మీరు తీసుకెళ్తారా?"

"తీసుకెళ్తాను. ఎప్పుడు చేరతామో మాత్రం అడగకండి."

అలా పెంకయ్య మాస్టారయ్యాడు. మొదటి నెల వాగు దాకానే. రెండో నెల వాగు దాటి వెదురుపొద దాకా. ఏ రాయి జారుతుందో, ఏ గాలికి వాన వస్తుందో పిల్లలు నేర్చుకున్నారు. ఈసారి సూదమ్మ కూడా వెంట నడిచింది. ఆమె నడకే అందరి నడక అయింది.

చెంగన్న చెయ్యి అతుక్కుంది కానీ పూర్వపు బలం రాలేదు. రోజూ గుహ ముందు కూర్చుని, పిల్లలు వెళ్లిన దారి చూసేవాడు. ఒక రోజు సిగ్గు విడిచి అడిగాడు.

"నన్నూ రానిస్తారా?"

"రా. అందరికన్నా వెనక నడు. ఏ పిల్లా నీ వెనక పడకూడదు" అన్నాడు పెంకయ్య.

కార్తీకంలో ఒకసారి ఆఖరి గట్టు కిందికి చేరారు. తుంపర ముఖాలకు తగులుతోంది. అంతలో మంచు దిగింది. అడుగు ముందు ఏముందో కనబడటం లేదు.

"వెనక్కి" అన్నాడు పెంకయ్య.

పిల్లలు ఏడ్చారు. సూదమ్మ కళ్లు కూడా చెమర్చాయి. కానీ మొదట వెనక్కి తిరిగింది ఆమే.

ఇంకో నెల గడిచింది. ఆకాశం తేటగా ఉన్న ఒక రోజు వాళ్లు ఆ గట్టు ఎక్కారు. ఎదురుగా తెల్లధార దూకుతోంది. సూదమ్మ రాయి మీద కూర్చుని, మసకబారిన కళ్లతో చాలాసేపు చూసింది. "అమ్మా, వచ్చాను" అంది చాలా మెల్లగా.

చుక్కి అంచు దాకా పోకుండా ఆగి, కింద మలుపు తిరిగి నీలికొండల్లోకి పోతున్న నీళ్ల వైపు చూసింది.

"మాస్టారూ, ఈ నీళ్లు ఎక్కడికి పోతాయి?"

"తెలియదమ్మా. నేనూ అంత దూరం పోలేదు" అన్నాడు పెంకయ్య.

అందరూ ఆ కొండల వైపు చూస్తూ నిలబడిపోయారు.

నీతి: ఆశ దారి చూడదు, అందుకే ముందుకు ఉరికేవాణ్ని కాదు, అవసరమైతే వెనక్కి తిరగడం తెలిసినవాణ్ని గురువుగా ఎంచుకోవాలి.