మీట పడినా ఆగని ఫ్యాను

ఓబులేసుకు ఆ రోజు పొద్దున లేచినప్పటి నుంచీ కడుపు మండుతూనే ఉంది.

ముందురోజు నంద్యాలలో ఉన్న ఎలక్ట్రీషియన్లందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టి, కొత్తగా వచ్చిన భద్రతా నిబంధనలు చదివి వినిపించారు. ప్రతి ప్లగ్గు పాయింటుకూ ఎర్త్ తీగ ఉండాలి, ఆ తీగ నేలలో పాతిన కడ్డీ దాకా తెగకుండా పోవాలి. తడి ఉండే చోట, మోటార్లు తిరిగే చోట, కరెంటు లీకైతే లైనును దానంతటదే ఆపేసే ఆర్‌సీసీబీ పెట్టాలి. పని అయ్యాక మీటర్లతో పరీక్షించి, వచ్చిన అంకెలు కాగితం మీద రాయాలి. ఆ కాగితం కింద, పని చేసినవాడే తన పేరూ లైసెన్సు నంబరూ వేసి సంతకం చేయాలి. కొత్త పనులకే కాదు, పాత వాటికి కూడా.

పాత వాటికి కూడా అన్నచోట ఓబులేసు లేచి అరిచాడు. అతని వెనక ఇంకా నలుగురు అరిచారు. చదువుతున్న ఇంజనీరు కాసేపు ఆగి, మళ్లీ చదవడం మొదలుపెట్టాడు.

ఓబులేసు ఇరవై రెండేళ్లుగా వైరింగు పని చేస్తున్నాడు. ఊళ్లో అతని పనికి పేరుంది. గోడ మీద అతను బిగించిన పైపు నూలు పట్టి కొట్టినట్టు ఉంటుంది. అలాంటివాణ్ని పట్టుకుని, నీ పని మళ్లీ చూసుకోమంటే ఎట్లా?

రాత్రి కూర్చుని ఒక అర్జీ రాశాడు. పాత పనులకు ఈ నిబంధనలు వర్తించకూడదని అందులో ఉంది. పొద్దున్నే తిరిగి నలభై మంది చేత సంతకాలు పెట్టించాడు. అన్నిటికన్నా పైన మాత్రం ఒక సంతకానికి ఖాళీ వదిలాడు. అది దస్తగిరి మేస్త్రీది.

దస్తగిరికి డెబ్బై దాటాయి. నిచ్చెనలెక్కడం మానేసి, ఇప్పుడు ఇంటి అరుగు మీద కూర్చుని మోటార్లకు రాగి తీగ చుడుతుంటాడు. ఊళ్లో ప్లయరు పట్టిన చేతుల్లో సగం ఆయన దిద్దినవే. ఓబులేసు ఆయన దగ్గర ఆరేళ్లు పని నేర్చుకున్నాడు.

"చదవాల్సిన పన్లేదు మేస్త్రీ, సంతకం పెట్టు," అన్నాడు ఓబులేసు, అర్జీ చేతికిస్తూ. "అంతా మన బాధే ఉండాది దాంట్లో."

దస్తగిరి కళ్లద్దాలు తుడుచుకుని, వరస కింద వేలు పెట్టి, మొదటి నుంచి చివరిదాకా చదివాడు. ఓబులేసు నిలబడలేక అరుగు ముందు అటూ ఇటూ తిరిగాడు.

"ఎండలో ఒక్కరోజు స్తంభమెక్కనోళ్లు రాసిన రాతలు మేస్త్రీ ఇవి. ఇంటింటికీ పోయి గోడలు పగలగొట్టాలంట! వాళ్లేమన్నా వచ్చి పూత పూస్తారా? మన పనేమన్నా చెడ్డదా? నీ దగ్గర నేర్చుకున్న పని నాది. వాళ్లు తప్పంటాండేది నన్ను కాదు, నిన్ను!"

"నేను కూడా ఎర్త్ లేకుండా శానా ఇండ్లు చేసినా," అన్నాడు దస్తగిరి.

"చేసినావు గదా! ఏమయింది? ఏమన్నా అయిందా?"

దస్తగిరి ఆ మాటకు జవాబివ్వలేదు. అర్జీ మడిచి ఓబులేసు చేతిలో పెట్టాడు.

"సంతకం పెడతా," అన్నాడు. "ఈ మధ్య నువ్వు చేసిన పని ఒకటి సూపించు ముందు."

ఓబులేసు ముఖం వెలిగింది. చూపించడానికి అతని దగ్గర మంచి పనే ఉంది.

*

బస్టాండు వెనక సందులో సుంకులమ్మ పిండి దుకాణం ఉంది. అయిదు పెద్ద గ్రైండర్లలో ఇడ్లీ పిండి, దోసె పిండి రుబ్బి హోటళ్లకు వేస్తుంది. రెండు నెలల కిందట దుకాణం పెద్దది చేసినప్పుడు వైరింగంతా ఓబులేసే చేశాడు. తెల్లటి పైపులు, కొత్త బోర్డులు, తలుపు పక్కన గాజు మూత ఉన్న పెట్టె. ఆ పెట్టెలో ఆర్‌సీసీబీ కూడా ఉంది. కొత్త నిబంధనల్లో చెప్పిన పరికరం అదే.

వాళ్లు వెళ్లేసరికి సుంకులమ్మ మూడో గ్రైండరు దగ్గర ఉంది. రాళ్లు తిరుగుతున్నాయి. పైన ఫ్యాను తిరుగుతోంది. నేలంతా పప్పు కడిగిన నీళ్లు. ఆమె కాళ్ల కింద ఒక చెక్కపీట ఉంది. ఒక చేయి వెనక్కి పెట్టుకుని, చెక్క గరిటెతో పిండి తోస్తోంది.

"రా పెద్దాయనా," అంది దస్తగిరిని చూసి. "ఏమప్పా ఓబులేసూ, ఇయ్యాల పిలవకుండానే వస్తివే?"

"మా మేస్త్రీ పని సూస్తాడంట," అన్నాడు ఓబులేసు.

దస్తగిరి పైపులు చూశాడు. బోర్డుల మీద అరచేత్తో నిమిరాడు. "సక్కగా చేసినావు," అన్నాడు. ఓబులేసు ఛాతీ విరుచుకున్నాడు.

"పీట మీద నిలబడినావేమ్మా?" అని అడిగాడు దస్తగిరి సుంకులమ్మను.

"కింద నిలబడి ముట్టుకుంటే జివ్వుమంటాంది పెద్దాయనా. అన్నీ కాదు, ఇదొక్కటే. ఓబులేసుకు ఫోన్ చేస్తే మోటారుకు అది మామూలే, పీటేసుకోమన్నాడు. పీటేసుకున్నంక శానా తగ్గింది."

దస్తగిరి ఓబులేసు వైపు చూడలేదు. పెట్టె దగ్గరికి నడిచి గాజు మూత తెరిచాడు.

ఆర్‌సీసీబీ మీద చిన్న బొత్తాం ఒకటి ఉంటుంది. పరికరం పని చేస్తోందో లేదో తెలుసుకోవడానికి దాన్ని నొక్కాలి. నొక్కితే మీట కిందికి పడాలి, ఆ లైను మీద ఉన్నవన్నీ ఆగిపోవాలి.

దస్తగిరి బొత్తాం నొక్కాడు.

టక్కున మీట పడింది.

రాళ్లు తిరుగుతూనే ఉన్నాయి. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

దస్తగిరి తలెత్తి ఫ్యానును చూశాడు. చాలాసేపు చూశాడు.

"బైపాస్ చేసినా," అన్నాడు ఓబులేసు చివరికి. "ఏం చేయమంటావు మేస్త్రీ? పెట్టిన రోజు నుంచి పది నిమిషాలకొకసారి పడిపోయేది. సగం పిండి రాయిలో, సగం గిన్నెలో. రోజుకు ఆరుసార్లు ఫోను. ఆ దిక్కుమాలిన దాన్ని తయారుచేసినోడు ఎప్పుడన్నా పిండి రుబ్బినాడా? అందుకే మెయిను తీగల్నే నేరుగా లోపలికి కలిపినా. ఇప్పుడు రెండు నెలల్నుంచి మీట పడిందని ఒక్క ఫోను లేదు."

"మరి అదేంటికి పెట్టెలో?"

"సూసేటోళ్లకు ఉండాలి గదా."

దస్తగిరికి కోపమొస్తే గొంతు పెరగదు, మాటలు తగ్గుతాయి. అది ఓబులేసుకు తెలుసు. కానీ అతని కోపం అతనికి ఉంది.

"లోడెక్కువైతే పడే ఎంసీబీ ఉండాది గదా మేస్త్రీ! అది చాలదా? ఇన్నేండ్లూ అదే గదా పెడతిమి?"

"అది తీగను కాపాడతాది."

"ఇదేం చేస్తాది?"

దస్తగిరి ఒక ఖాళీ ప్లగ్గు పాయింటు దగ్గర వంగి, జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి బోర్డు విప్పాడు. ఫేజు తీగ ఉంది. న్యూట్రలు తీగ ఉంది. పైనున్న మూడో రంధ్రం వెనక ఏ తీగా లేదు. ఎర్త్ అక్కడే కాదు, ఏ బోర్డుకూ లేదని ఓబులేసుకు తెలుసు.

బోర్డు మళ్లీ బిగించి లేచాడు.

"అమ్మా, ఒకసారి పక్కకు రా," అన్నాడు.

సుంకులమ్మ పీట దిగి గోడ దగ్గరికి జరిగింది. దస్తగిరి చొక్కా జేబులోంచి టెస్టరు తీసి, మూడో గ్రైండరు రేకుకు ఆనించాడు. టెస్టరులో ఎర్రగా లైటు వెలిగింది. దాన్ని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత కాలితో పీటను పక్కకు తోశాడు. చెప్పులు విప్పి, వాటిని జాగ్రత్తగా గోడ వారకు పెట్టాడు. వట్టికాళ్లతో నీళ్లలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఏం చేస్తాండావు మేస్త్రీ?"

"నువ్వు చేసిన పని గదా," అన్నాడు దస్తగిరి. "ఏం గాదులే."

కుడిచేయి ముందుకు చాపాడు. తొందరేమీ లేదు ఆ చేతికి. నరాలు తేలిన ముసలి చేయి. రాగి తీగ కోసి కోసి వేళ్ల మీద గీతలు. అది గ్రైండరు రేకు వైపు పోతోంది.

"మేస్త్రీ వద్దు!"

ఆ అరుపు సందు చివరిదాకా వినిపించి ఉంటుంది. ఓబులేసు ఒక్క దూకున పెట్టె మీద పడి మెయిను దించేశాడు. రాళ్లు గరగరమంటూ ఆగాయి. ఫ్యాను రెండు చుట్లు తిరిగి ఆగింది. దస్తగిరి చేయి రేకుకు జానెడు దూరంలో ఉంది.

ఓబులేసుకు కోపం తన్నుకొచ్చింది.

"పిచ్చి పట్టిందా నీకు? సస్తావు! నేల తడిగా ఉండాది, ఎర్త్ లేదు, ట్రిప్పు పని చేయదు, రేకులో కరెంటుండాది, నీకు తెల్దా?"

"నీకు తెలుసు గదా," అన్నాడు దస్తగిరి.

ఓబులేసు చేయి ఇంకా మెయిను మీదే ఉంది.

"రెండు నెలలుగా ఆమె పట్టుకుంటాంది. ఆమె కోసం ఒక్కసారన్నా ఇట్లా అరిచినావా?"

తూములోకి నీళ్లు పోతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. సుంకులమ్మ గోడకు ఆనుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది.

దస్తగిరి కాళ్లు తుడుచుకుని చెప్పులేసుకున్నాడు. ఒక ఖాళీ డబ్బా బోర్లించుకుని దాని మీద కూర్చున్నాడు.

"విప్పు," అన్నాడు.

*

ఓబులేసు మొదట పెట్టె విప్పాడు. తను కలిపిన తీగల్ని తీసేసి, ఆర్‌సీసీబీ గుండా మళ్లీ బిగించాడు. గ్రైండర్లన్నిటి ప్లగ్గులూ పీకి, మెయిను ఎత్తి, ఒక్కొక్కటే పెట్టి తిప్పి చూశాడు. మొదటిది తిరిగింది. రెండోది తిరిగింది. నాలుగు, అయిదు తిరిగాయి. మీట కదల్లేదు.

మూడోది పెట్టాడు. టక్కున మీట పడింది. ఎత్తి మళ్లీ పెట్టాడు. మళ్లీ పడింది.

రెండు నెలల కింద ఇలాగే పడినప్పుడు పరికరాన్ని తిట్టాడు. ఈసారి తిట్టలేదు. మెయిను దించి, మూడో గ్రైండరును పక్కకు వాల్చి అడుగు రేకు విప్పాడు.

లోపల మోటారుకు వచ్చే తీగ రేకు అంచుకు ఒరుసుకుంటూ ఉంది. రాయి తిరిగినప్పుడల్లా అదిరి అదిరి, పైతొడుగు అరిగిపోయింది. వేలిగోరంత మేర రాగి బయటపడి, రేకుకు ఆని ఉంది.

ఓబులేసు మోకాళ్ల మీద కూర్చుని దాన్ని చూస్తుండిపోయాడు.

సుంకులమ్మ దగ్గరికొచ్చి వంగింది.

"ఏందప్పా అది?"

ఓబులేసు ఆ తీగను వేలితో రేకు నుంచి పక్కకు జరిపాడు.

"ఏందని అడుగుతాండా. నాకూ కండ్లుండాయి. జివ్వుమన్నది దీనికేనా?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. ఎలుక కొరికిందనొచ్చు. గ్రైండరు చేసిన కంపెనీని అనొచ్చు. ఇరవై రెండేళ్లలో అలాంటి మాటలు అతను చాలానే నేర్చుకున్నాడు. ఓబులేసు తలెత్తాడు.

"దీనికేనమ్మా," అన్నాడు. "మామూలని చెప్తి గదా, అది అబద్ధం. నేను సూడనే లేదు. ఈ పెట్టెలోది పదిసార్లు పడింది దీని వల్లనే. పడకుండా చేసింది నేనే."

సుంకులమ్మకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. మొదట ఆమె చూపు నీళ్లున్న నేల మీదికి పోయింది. తర్వాత పీట మీదికి. ఆ తర్వాత లోపలి గదిలో పప్పు ఏరుతున్న కోడలు ఈశ్వరి మీదికి. ఈశ్వరికి ఆరో నెల.

అప్పుడు నోరు తెరిచింది.

"మూడుసార్లు ఫోన్ చేస్తి గదరా నీకు! మూడుసార్లు! ఆడోళ్లకు భయమెక్కువని నవ్వితివి. పీటేసుకోమంటివి. నేను హోటళ్లకు పోతే ఈ రాయి కాడ నిలబడేదెవురనుకుంటివి? అదో, ఆ పిల్ల! కడుపుతో ఉండే పిల్ల! పీట జారి కాలు కింద పెట్టింటే? నీళ్లలో పడింటే? ఏం చెప్తువు నా కొడుక్కి? మామూలే అని చెప్తువా? నీ పెండ్లాం ఇట్లా నిలబడితే మామూలే అంటావా నువ్వు? సక్కగా పైపులు బిగిస్తివి గదరా, గీత గీసినట్టు! ఎవురు సూసి మెచ్చుకోవాలని బిగిస్తివి? నేను సచ్చినంక వచ్చేటోళ్లా?"

సందులో పోతున్నవాళ్లు ఆగి లోపలికి చూస్తున్నారు. ఎదురు కొట్టు ఆయన బయటికొచ్చి నిలబడ్డాడు. ఈశ్వరి చేట పక్కన పెట్టి గుమ్మం దగ్గరికి వచ్చింది. సుంకులమ్మ ఆపలేదు. చేయి ఊపుతూ, ఏడుస్తూ, మధ్యలో కొంగుతో ముక్కు తుడుచుకుంటూ తిడుతూనే ఉంది. అతని పనిని తిట్టింది, అతని చదువును తిట్టింది, అతని నవ్వును తిట్టింది.

ఓబులేసు లేచి నిలబడ్డాడు. ఏనాడూ ఎవరి చేతా ఒక మాట పడనివాడు. ఇంత వయసులో, ఇంతమంది ముందు. మేస్త్రీ ఒక్క మాటంటే చాలు, ఆమె ఆగుతుంది. పెద్దాయన మాట కాదనదు.

దస్తగిరి డబ్బా మీద నుంచి కదల్లేదు. ఆయన ఆమెను చూడటం లేదు, గుమిగూడిన జనాన్నీ చూడటం లేదు. తడి నేల వైపు చూస్తున్నాడు.

"మేస్త్రీ," అన్నాడు ఓబులేసు. "నువ్వన్నా చెప్పు."

దస్తగిరి తలెత్తాడు. ఆ కళ్లలో ఓబులేసు ఎప్పుడూ చూడని తడి ఉంది. ఏమన్నా అయిందా అని అరుగు దగ్గర తను అడిగినదానికి జవాబు అందులో ఉంది.

"బతికుంది గాబట్టి తిడతాంది," అన్నాడు. "విను."