మంచం నంబరు మూడు

అనగనగా కొండ దిగువన ఒక ఊరు, ఆ ఊళ్ళో పదంటే పదే మంచాల ఆసుపత్రి. ఒక శనివారం పొద్దున్నే ఆ ఆసుపత్రి వీధిలో పెద్ద కేక. "సిస్టరమ్మోయ్! మా అమ్మ చెమటలు కక్కుతోంది, పిలిస్తే పలకట్లేదు!"

వీధి చివర టీ తాగుతున్న నర్సు సువార్త చెవిన ఆ కేక పడింది. గ్లాసు అక్కడే వదిలేసి పరుగో పరుగు. ఆ గొంతు పైడమ్మ కూతురిది. పైడమ్మ కాలి పుండుకి కట్టు కట్టించుకోవడానికి చేరిన మనిషి. ఆవిడకి చెమటలెందుకు పట్టాలి, చెప్పు?

అది తెలియాలంటే రెండు రోజులు వెనక్కి పోవాలి బంగారం.

మొదటి రోజు సువార్త మందుల పళ్ళెంతో వచ్చి, "నీ పేరేంటి మామ్మా?" అని అడిగింది. అప్పుడు చీటీ చూసింది. ఆ తర్వాత మందు చూసింది. మూడూ కలిశాకే ఇచ్చింది. పని నేర్పిన పెద్ద నర్సు పెట్టిన పద్ధతి అది.

రెండో రోజూ అడిగింది. పైడమ్మ పకపకా నవ్వింది. "ఓలమ్మ, నిన్న చెప్పిన పేరు తెల్లారేసరికి మారిపోద్దేటి? ఈ పిల్లకి మతిమరుపే, నూకాలమ్మా!" ఎదుటి వరసలో మూడో మంచం నూకాలమ్మది, ఆవిడకి షుగరు జబ్బు. ఆవిడా నవ్వింది. వార్డంతా నవ్వింది. సువార్త మొహం చిన్నబోయింది.

ఆ సాయంత్రం నూకాలమ్మ గొణిగింది. "ఈ మంచం తల ఉత్తరానికుంది. ఉత్తరం తల పెడితే నాకు కునుకు రాదు."

"నాకా పట్టింపు లేదు. నా మంచం ఎక్కు," అంది పైడమ్మ. ఇద్దరూ మంచాలు మార్చుకున్నారు. మంచి మనసుతో చేసిన పనే. ఎవరికీ చెప్పలేదు, అంతే.

మూడో రోజు వణికించే చలి. ఇద్దరూ దుప్పటి ముసుగు తన్నారు. సువార్త నూకాలమ్మకి వెయ్యాల్సిన, షుగరు తగ్గించే సూది పట్టుకుని మూడో మంచం దగ్గర నిలబడింది. పేరు అడగబోయింది. మళ్ళీ నవ్వుతారేమోనని నోటి దాకా వచ్చిన మాట మింగేసింది. అప్పుడు దుప్పట్లోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. సువార్త సూది వేసేసి, టీకి వెళ్ళిపోయింది.

ఆ చెయ్యి పైడమ్మది! సిస్టరమ్మ ఇచ్చేది మంచికేగా అనుకుని ఆవిడా అడగలేదు. పైగా శనివారం ఒక్కపొద్దు, కడుపులో మెతుకు లేదు.

సువార్త పరిగెత్తుకొచ్చేసరికి పైడమ్మ మంచం మీంచి దొర్లిపడి ఉంది. కుడి మణికట్టు వంకరపోయింది.

"ఏమైంది?" అన్నాడు డాక్టరుగారు.

తెలీదండి అంటే సరిపోయేది. ఎవరూ చూడలేదు. కానీ సువార్త, "షుగరు సూది నేనే వేశానండి. మంచం చూశాను, మనిషిని అడగలేదు," అంది.

ఆ మాటతోనే నరంలోకి గ్లూకోజు ఎక్కించారు. నూకాలమ్మ ఏడుస్తూ పైడమ్మ అరికాళ్ళు రుద్దింది. కాసేపటికి పైడమ్మ కళ్ళు తెరిచింది.

ప్రాణం దక్కింది గానీ, నెల తర్వాత మణికట్టుకి వేసిన కట్టు విప్పితే కుడిచేతి వేళ్ళు ముడుచుకోలేదు. వెదురు బుట్టలల్లే చెయ్యి తల్లీ అది! మళ్ళీ అల్లలేదు. ఒక్క మాట అడిగుంటే, ఒక్క మాట, అని సువార్త ఎన్నిసార్లు అనుకుందో. ఎంత అనుకుంటే ఏం లాభం?

పైడమ్మ ఇంటికి పోయే రోజున కూతురు ఆసుపత్రి వెనక పొయ్యి మీద అన్నం, పప్పు వండింది. వరండాలో అడ్డాకు విస్తళ్ళు వేసింది. చూసిపోదామని నూకాలమ్మ కూడా వచ్చింది. సువార్త మాత్రం గుమ్మం దగ్గరే తల దించుకుని నిలబడింది. నెలరోజులుగా ఆ కూతురు తనతో మాట్లాడలేదు మరి.

ఆ కూతురే ఇంకో విస్తరి తెచ్చి వేసింది.

అప్పుడు పైడమ్మ ఎడంచేత్తో గరిటె పట్టుకుని, "నీ పేరేటి పిల్లా?" అని అడిగింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"సువార్త, మామ్మా."

"ఆఁ, అడిగే వడ్డించాలి కదేటి. కూకో. ఎడంచేత్తో వడ్డిస్తున్నానని ఏటనుకోకు."

సువార్త కళ్ళు తుడుచుకుని కూర్చుంది. ఆ తర్వాత కూతురు, నూకాలమ్మ, పైడమ్మ, అందరూ కూర్చున్నారు. కలిసి తిన్నారు.

పేరు ముందు, మందు వెనక,
మనిషి ముందు, మంచం వెనక.
కథ కంచికి, అన్నం కంచానికి,
నువ్విక మంచానికి!